కొండ పిల్లల రగ్బీకి హాస్టలే పునాది

2007లో లండన్‌లో పధ్నాలుగేళ్ల లోపు బాలురకు అంతర్జాతీయ పాఠశాలల రగ్బీ పోటీ జరిగింది. ఫైనల్లో దక్షిణాఫ్రికా జట్టును 19-5తో ఓడించి కప్పు గెలిచింది భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ జట్టు. అందరూ కిస్ అని పిలిచే ఆ సంస్థలో హాస్టల్లో ఉండి చదువుకునేది గిరిజన పిల్లలు. ఈ గెలుపు మాట వస్తే చాలామంది చెప్పే కారణం ఒక్కటే: కొండలెక్కిన కాళ్లు కదా, పుట్టుకతో వచ్చిన బలం. మెచ్చుకోలుగా అన్నా ఈ మాట చరిత్రకు నిలవదు. తూర్పు కనుమల పిల్లలకు కాళ్లలో సత్తువ తరతరాలుగా ఉంది. జట్టు మాత్రం ఈ శతాబ్దంలోనే, అదీ ఒక హాస్టల్లోనే పుట్టింది. కాబట్టి కారణాన్ని ఒంట్లో కాదు, హాస్టల్లో వెతకాలి.

మన దేశంలో ఈ ఆట తొలి అడుగులు కూడా అదే చెబుతాయి. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఆంగ్లేయులు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు రెండు పక్షాలుగా చేరి రగ్బీ ఆడారు. ఆ ఊపులో మరుసటి ఏడు క్లబ్బు పెట్టుకున్నారు. డబ్బుకు కొరత లేదు, మైదానం ఉంది, ఆట తెలిసిన సైనికులూ ఉన్నారు. అయినా సైనిక పటాలం ఊరు వదిలి వెళ్లగానే ఆడేవాళ్లు తగ్గారు. మిగిలినవాళ్లు టెన్నిస్, పోలో వైపు మళ్లారు. చివరకు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలు 270 కరిగించి కప్పు చేయించి, 1878లో ఇంగ్లండు రగ్బీ సంఘానికి ఇచ్చేశారు. ఇంగ్లండు, స్కాట్లండ్ జట్లు నేటికీ ఆ కలకత్తా కప్పు కోసమే తలపడుతున్నాయి. కప్పు మిగిలింది, క్లబ్బు మిగల్లేదు. బదిలీల మీద వచ్చి పోయేవాళ్లతో పెట్టిన క్లబ్బుకు వెనక వచ్చే తరం అంటూ లేకపోయింది.

కిస్‌లో ఉన్నది సరిగ్గా ఆ తరమే. అచ్యుత సామంత 1992-93లో 125 మంది పిల్లలతో మొదలుపెట్టిన ఈ విద్యాసంస్థలో తిండి, బస, చదువు అన్నీ ఉచితం. 2004లో కోల్‌కతాలో జంగిల్ క్రోస్ క్లబ్బు స్థాపించిన బ్రిటిష్ దౌత్యోద్యోగి పాల్ వాల్ష్ ఈ పిల్లలకు రగ్బీ నేర్పారు. నేర్పేవాడు బయటివాడే, కానీ నేర్చుకునేందుకు వీలు హాస్టలు ఇచ్చింది. పరుగు పందేనికి ఒంటరిగా రోడ్డు మీద సాధన చేయవచ్చు. రగ్బీకి అది కుదరదు. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో అందిస్తూ అందరూ కలిసి ముందుకు సాగాలి. ఈ అమరిక రోజూ సాయంత్రం అదే గుంపు ఆడితేనే వస్తుంది. ఇరవై ముప్ఫై గడపల గూడెంలో ఒక ఈడు పిల్లలు పదిహేను మంది దొరకడమే కష్టం. హాస్టల్లో వందల మంది దొరుకుతారు, ఏళ్ల తరబడి కలిసి ఉంటారు. అందుకే ఆట ఒక్క కప్పుతో ఆగలేదు. 2019లో భారత మహిళల జట్టు సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేను మంది ఆటలో తొలి అంతర్జాతీయ విజయం అందుకున్నప్పుడు, చివరి ఘడియల్లో గెలుపు పాయింట్లు తెచ్చిన పెనాల్టీ కిక్ కిస్ విద్యార్థిని సుమిత్రా నాయక్‌ది. అప్పటికి సంస్థకు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చి రెండేళ్లు. బడి జట్టుగా మొదలైనది కాలేజీ క్లబ్బుగా ఎదిగింది.

పుట్టుబలమే కారణమనేవారు మన అరకును ఒడిశాలోని కొరాపుట్ పక్కన పెట్టి చూడాలి. సరిహద్దుకు రెండు వైపులా ఉన్నది కోందులు, గదబలు, పోర్జలే. కొండలూ అవే. రక్తమే ఆటను పుట్టించేదైతే అరకులోయలోనూ ఇలాంటి జట్టు ఎప్పుడో లేవాల్సింది. తెలుగునాట మరో రుజువు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన ఈ గిరిజన బాలిక పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమెను అక్కడికి చేర్చినవి గురుకుల పాఠశాలలో జరిగిన ఎంపిక, భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో పొందిన శిక్షణ.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. పెద్ద హాస్టళ్లు పిల్లల్ని తల్లిభాషకు, నేలకు దూరం చేస్తాయని ఆదివాసీ మేధావులు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ నిరసనల వల్లనే 2020లో అంతర్జాతీయ మానవశాస్త్ర సంఘం తన 2023 మహాసభకు కిస్‌తో పెట్టుకున్న ఒప్పందాన్ని వదులుకుంది. ఈ విమర్శను కప్పు చూపించి కొట్టిపారేయకూడదు. అయితే విమర్శ చెబుతున్నది ఆట వద్దని కాదు, పిల్లల్ని ఊరికి అందనంత దూరం పంపవద్దని. గిరిజన పిల్లల ఏకలవ్య గురుకులాలు ఒక్కొక్కటి 480 మంది కోసం కట్టినవి. అవి మన్యంలోనే ఉన్నాయి. సెలవు రోజున తల్లిదండ్రులు వచ్చి చూసిపోగల దూరంలో, ఇంటి భాష తెలిసిన మాస్టార్ల మధ్య ఆడే జట్టుకు ఈ అభ్యంతరం చాలావరకు వర్తించదు.

కాబట్టి అరకు, పాడేరు కాలేజీల్లో రగ్బీ గానీ మరే జట్టు ఆట గానీ నిలవాలంటే ప్రతిభాన్వేషణ శిబిరాలు చాలవు. గురుకులాల్లో శాశ్వత కోచ్ ఉద్యోగాలు, చదునైన మైదానం, ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా తెగని ఆట కావాలి. గిరిజన సంక్షేమ శాఖ ముందుగా కోచ్‌లను నియమించాలి.