కళాయి నుంచి స్టీలు దాకా: దిగువ కృష్ణా డెల్టాలో వడ్డన పాత్రల ఎంపిక, సంరక్షణ – చారిత్రక పరిశీలన

సారాంశం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో వడ్డన పాత్రల ఎంపికకూ సంరక్షణకూ సంబంధించిన అవగాహన ఎలా రూపొందిందో, ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత్ర నాణ్యతను లోహం ఒక్కటే నిర్ణయించలేదనీ, ఆహారాన్ని తాకే ఉపరితలమూ, దానిని తోమే పద్ధతీ కలిసి నిర్ణయించాయనీ ప్రతిపాదిస్తుంది. పూతపనికి పేరుపొందిన చిలకలపూడిని ఈ చర్చలో పోలికకు ఆధారంగా తీసుకుంటుంది. ఇంటి పాత్రలను చారిత్రక ఆధారాలుగా నమోదు చేయవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: వడ్డన, కళాయి, కంచు, ఇత్తడి, పూతపని, చిలకలపూడి, మచిలీపట్నం రేవు

1. ఉపోద్ఘాతం

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) తెలుగువారి తిండి, బట్ట, ఆటపాటలు కూడా చరిత్ర రచనకు తగిన విషయాలేనని నిరూపించింది. అయితే ఆహార చరిత్రలో ఏమి తిన్నారన్న ప్రశ్నకు లభించిన ప్రాధాన్యం, దేనితో వడ్డించారన్న ప్రశ్నకు లభించలేదు. వంటపాత్ర గురించీ, తినే కంచం గురించీ అడపాదడపా ప్రస్తావనలు కనిపిస్తాయి. ఈ రెండింటికీ నడుమ నిలిచే గరిటె, హస్తం, నేతిజారీ, పులుసు బొక్కెన వంటివి మాత్రం చాలావరకు చర్చకు వెలుపలే ఉండిపోయాయి.

బంతి భోజనంలో వీటి స్థానం చిన్నది కాదు. అరటి ఆకు గానీ, కుట్టిన విస్తరి గానీ ఒక పూటకే పనికివస్తుంది. దానిని తోమవలసిన పని లేదు, దాచవలసిన పని లేదు. కాబట్టి ఆకులో తినే సమాజంలో మన్నిక, శుభ్రత, ప్రతిష్ఠ అన్నీ వడ్డించే పాత్రను ఆశ్రయించి ఉంటాయి. పెళ్ళిలో సారెతోపాటు ఇచ్చినవి, తరం నుంచి తరానికి పంచుకున్నవి, అవసరానికి కుదువపెట్టినవి ఈ లోహపాత్రలే.

2. అంటు, ఎంగిలి: పాత్ర రూపాన్ని నిర్ణయించిన భావనలు

తోమవలసిన గిన్నెలకు తెలుగులో ‘అంట్లు’ అని పేరు. తాకడం, మైల అనే అర్థాలున్న ‘అంటు’ అన్న మాటే ఇందులోనూ వినిపిస్తుంది. భోజనం చేస్తున్న కుడిచేయి ఎంగిలి. ఆ చేత్తో వడ్డన పాత్రను ముట్టుకుంటే అందులోని పదార్థమంతా ఎంగిలవుతుంది. గరిటె ఆకును తాకినా అంతే. అందుచేత వడ్డించేవారు వేరుగా నిలబడి, ఆకుకు కొంత ఎత్తునుంచి పదార్థాన్ని వదలవలసి వచ్చింది.

ఈ నియమమే పనిముట్ల రూపాలను తీర్చింది. అన్నానికి వెడల్పైన హస్తం, పప్పుకు లోతైన గరిటె, నేతికి సన్నని ధార పడే జారీ, పులుసుకూ మజ్జిగకూ పట్టు ఉన్న బొక్కెన ఏర్పడ్డాయి. కాడ పొడవు, మూతి వంపు, గిన్నె బరువు అలంకారానికి సంబంధించినవి కావు. వంగి నడుస్తూ, వరుసగా, చుక్క ఒలకకుండా వడ్డించవలసిన మనిషి చేతికి సంబంధించినవి. మంచి గరిటెకు గుర్తు కాడకూ గిన్నెకూ నడుమ బరువు సమంగా కుదరడమే.

‘అంటు’ అన్న ఈ భావనే పంక్తిభేదానికీ, అస్పృశ్యతకూ కూడా ఆధారమైంది. ఎవరు వడ్డించవచ్చు, ఎవరు ఏ పాత్రను ముట్టవచ్చు, ఎవరికి వేరే గ్లాసు పెట్టాలి అన్న నిర్ణయాలు లోహపాత్రల మీదుగానే అమలయ్యాయి. వడ్డన పాత్రల చరిత్రను కేవలం అభిరుచి చరిత్రగా రాయడం సాధ్యం కాదు.

3. లోహాలు వచ్చిన దారి

ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. మోగే కంచులో తగరం సుమారు అయిదోవంతు ఉంటుంది. ఒండ్రుమట్టి డెల్టాలో ఈ లోహాలు దొరకవు. అవి బయటినుంచి, ముఖ్యంగా సముద్రం మీదుగా రావలసిందే.

కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం రేవు సుంకాలను నిర్ణయిస్తూ చందనం, కర్పూరం, ముత్యాలతోపాటు రాగి, తుత్తునాగం, సీసాలనూ పేర్కొంటుంది. కృష్ణా ముఖద్వారానికి దక్షిణాన ఉన్న ఆ రేవులో లోహాలు నిత్య వాణిజ్య వస్తువులన్నది దీనివల్ల స్పష్టమవుతుంది. 17వ శతాబ్దంలో ఈ పాత్రను మచిలీపట్నం పోషించింది. డచ్చివారు 1605లోనూ, ఆంగ్లేయులు 1611లోనూ అక్కడ వర్తకానికి దిగారు. ఇక్కడి అద్దకపు బట్టలను ఆగ్నేయాసియాకు తీసుకుపోయిన డచ్ కంపెనీ, జపాను రాగినీ మలయా ప్రాంతపు తగరాన్నీ కోరమండల్ తీరానికి చేర్చింది. అంటే డెల్టా నేతగాడి బట్టకూ, డెల్టా వంటింటి గరిటెకూ నడుమ ఒక సముద్ర వాణిజ్య వలయం ఉంది.

భాష కూడా ఈ దారిని గుర్తుపెట్టుకుంది. ‘కళాయి’ అన్న మాట తగరానికి అరబ్బీలో ఉన్న ‘కలయీ’ నుంచి వచ్చింది. ఆ అరబ్బీ మాటను మలయా తీరంలోని ‘కలహ్’ అనే రేవుతో ముడిపెట్టే పండితులున్నారు. తెలుగు ‘తుత్తునాగం’ యూరోపియన్ వర్తకుల లెక్కల్లో ‘టూటెనాగ్’గా కనిపించే సరుకే.

1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువ నీరు డెల్టాకు చేరింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. రేవు పూర్వవైభవం మళ్ళీ రాలేదు గాని, మాగాణి పంట డెల్టా పల్లెల్లో కొనుగోలు శక్తిని పెంచింది. ఆ సంపద పాత్రల రూపంలోనూ ఇళ్ళలో నిలిచింది.

4. కళాయి: తోముడుకు తట్టుకునే పూత

తెలుగు భోజనంలో చింతపండు పులుపు, పెరుగు, మజ్జిగ తప్పనిసరి. ఈ ఆమ్లాలు రాగిని, ఇత్తడిని కరిగిస్తాయి. పచ్చగా కనిపించే కిలుము ఆ రాగి లవణాలే. కిలుమెక్కిన పులుసు తింటే వికారం, వాంతులు తప్పవు. అందుకే రాగి, ఇత్తడి పాత్రల లోపలివైపు తగరపు పూత వేశారు. అదే కళాయి.

కళాయి వేసేవాడు ముందు పాత్రను తోమి, కిలుము తొలగించి, బొగ్గుల కొలిమి మీద తిత్తితో కాకపెడతాడు. వేడెక్కిన లోహం మీద నవాసాగరం చల్లితే మిగిలిన మలినం విడిపోతుంది. తగరపు కడ్డీని తాకించగానే అది కరుగుతుంది. దానిని దూదితో క్షణాల్లో అంతటా రుద్దుతాడు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్దే కరుగుతుంది కాబట్టి కళాయి పాత్రను ఉత్తగా పొయ్యిమీద పెట్టకూడదన్న నియమం ఏర్పడింది. ఇక తగరంలో చవకైన సీసం కలిస్తే, రక్షణ కోసం వేసిన పూతే విషమవుతుంది. కళాయివాడి నిజాయితీ ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

సంరక్షణకు శాస్త్రసమ్మతి కూడా ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయం రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసాలను క్షారంతో, ఆమ్లంతో, నీటితో శుద్ధి చేయమంటుంది. డెల్టా ఇంటిలో ఆ క్షారం పొయ్యిబూడిద, ఆ ఆమ్లం చింతపండు. వరిగడ్డి చుట్ట తోముడు పీచు. ఊక బూడిదలో ఇసుకలోని పదార్థమే అధికం కాబట్టి అది మెరుగు తెస్తుంది, అదే సమయంలో లోహాన్ని అరగదీస్తుంది. పైవైపు ఇత్తడిని చింతపండుతో తళతళలాడించి, లోపలి కళాయిని మెత్తగా కడగడం అనుభవంతో వచ్చే నేర్పు. ఆ నేర్పు ఆడవారిదీ, పనివారిదీ కావడం వల్ల అది గ్రంథాలకు ఎక్కలేదు.

కంచు విషయంలో వేరే జాగ్రత్తలు అవసరం. అది గట్టిది, పెళుసైనది. కింద పడితే పగులుతుంది. మోత విని మంచి కంచును గుర్తించేవారు. పగులున్న పాత్ర బొంగురుగా పలుకుతుంది. కంచుపాత్రలో పది రోజులు నిలవ ఉంచిన నేయి తగదని ఆయుర్వేద గ్రంథాలు చెప్పాయి. ఏ పదార్థం ఏ పాత్రలో ఎంతసేపు ఉండవచ్చు అన్నదే నాటి నాణ్యతా ప్రమాణం.

5. చిలకలపూడి: మరో రకం పూత

మచిలీపట్నాన్ని ఆనుకొని ఉన్న చిలకలపూడి పాండురంగస్వామి ఆలయానికి ఎంత ప్రసిద్ధమో, ‘చిలకలపూడి బంగారం’గా పిలిచే రోల్డ్‌గోల్డు నగలకూ అంత ప్రసిద్ధం. రాగి లేదా ఇత్తడి నగపై విద్యుత్తు సాయంతో పలుచని బంగారు పొర ఎక్కించడం ఈ వృత్తిలోని కీలకమైన పని.

ఈ ప్రక్రియకూ భోజనపు బల్లకూ చరిత్రలో దగ్గరి సంబంధం ఉంది. బర్మింగ్‌హామ్‌లో దాయాదులైన ఎల్కింగ్టన్‌లు సయనైడు ద్రావణంతో వెండి, బంగారు పూత వేసే పద్ధతికి 1840లో పేటెంటు పొందారు. వెండి కొనలేని మధ్యతరగతి ఇళ్ళకు వెండిపూత చెంచాలు, పళ్ళేలు, వడ్డన గిన్నెలు చేరింది ఆ పద్ధతి వల్లనే. బర్మింగ్‌హామ్‌లో అది బల్లమీదికి వెళ్ళింది. చిలకలపూడిలో ప్రధానంగా ఒంటిమీదికి వెళ్ళింది.

ఈ తేడాకు కారణాన్ని సంరక్షణ పద్ధతిలో వెదకవచ్చు. విద్యుత్ పూత మందం మైక్రాన్లలో ఉంటుంది. మెత్తని గుడ్డతో తుడిచి పెట్టెలో దాచే వస్తువు మీద అది నిలుస్తుంది. రోజూ బూడిదతో, చింతపండుతో, గడ్డిచుట్టతో తోమే గరిటె మీద నిలవదు. అరిగిపోతుందని తెలిసే వేసే పూత కళాయి. అరిగినప్పుడు వీధిలోకి వచ్చిన కళాయివాడే దానిని మళ్ళీ వేస్తాడు. నగపై పూత విలువ కంటికి కనిపించడంలో ఉంది. పాత్రలో పూత విలువ నాలుకకు తెలియకపోవడంలో ఉంది. ఒకే రాగిపై ఒకే ప్రాంతంలో నిలిచిన ఈ రెండు పూతలను పక్కపక్కన చూస్తే, వడ్డన పాత్ర నాణ్యత అంటే మెరుపు కాదనీ, తోమితే తట్టుకోవడమూ, అరిగితే తిరిగి వేయగలగడమూ అనీ అర్థమవుతుంది.

6. అల్యూమినియం, స్టీలు: సంరక్షణ అవసరం తగ్గిన కాలం

కళాయి భారాన్ని తప్పించే ప్రయత్నం మద్రాసు రాష్ట్రంలోనే మొదలైంది. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో అల్యూమినియం పాత్రల తయారీని ప్రయోగాత్మకంగా చేపట్టాడు. తేలికగా, చవకగా ఉండి, కళాయి అవసరం లేని ఈ పాత్రలు క్రమంగా వ్యాపించాయి. ‘సత్తుగిన్నె’ అన్న మాట చారు కాచే తగరపు గిన్నెనుంచి అల్యూమినియం గిన్నెకూ విస్తరించింది.

1913లో షెఫీల్డులో హారీ బ్రియర్లీ రూపొందించిన తుప్పుపట్టని ఉక్కు, 20వ శతాబ్దం ఉత్తరార్ధంలో తెలుగు వంటిళ్ళను ఆక్రమించింది. దీని రక్షణ కూడా ఉపరితలానిదే. ఉక్కులోని క్రోమియం గాలితో కలిసి కంటికి కనిపించని ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్ళీ ఏర్పడుతుంది. అంటే కళాయివాడి పని లోహమే చేసుకుంటున్నది.

దీనివల్ల ఎంపిక సులభమైందనుకోవడం పొరపాటు. మేలురకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన చవకరకం కూడా మెరుపులో అలాగే ఉంటుంది. అయస్కాంతం ఈ రెండింటికీ అంటుకోదు కాబట్టి ఇంటి పరీక్ష ఇక్కడ పనిచేయదు. తడి ఉప్పు నిలిచిన చోట మేలురకానికీ గుంటలు పడవచ్చు. మోత విని, బరువు చూసి, రంగు గమనించి పాత్రను ఎంచిన అనుభవజ్ఞానం స్థానంలో కర్మాగారపు ముద్ర వచ్చి చేరింది.

7. ముగింపు

స్టీలుతో శ్రమ తగ్గింది. రాగి విషం బెడద తొలగింది. తోముడు భారమంతా మోసిన స్త్రీల దృష్టినుంచి చూస్తే ఇది నిస్సందేహంగా మేలు. అయితే ఈ మార్పులో చరిత్రకారులకు ఒక నష్టం ఉంది. పాత ఇత్తడి, కంచు పాత్రల మీద యజమాని పేరు, ఇచ్చినవారి పేరు, కొన్నిటిమీద ఊరు, సంవత్సరం చెక్కించే అలవాటు ఉండేది. స్త్రీధనం, బంధుత్వం, దానధర్మాలు, లిపి మార్పులు తెలిపే చిన్న శాసనాలివి. పాత సామాను తూకానికి వెళ్ళిన ప్రతి గంగాళంతో ఒక ఆధారం కరిగిపోతున్నది. గోదావరి డెల్టాలోని అజ్జరం వంటి ఇత్తడి పని కేంద్రాలు ఇంకా ఉన్నా, కొత్త పాత్ర పాత పేరును తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి దిగువ కృష్ణా డెల్టా ఇళ్ళలో, సత్రాలలో, ఆలయాలలో మిగిలిన వడ్డన పాత్రల కొలత, బరువు, అతుకు, కళాయి పొరలు, చెక్కిన అక్షరాలు నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. పాత్రకు హాని చేయకుండా మిశ్రమ నిష్పత్తిని తెలిపే ఎక్స్‌రే పరీక్షలు నేడు అందుబాటులో ఉన్నాయి. తోమినవారి, కళాయి వేసినవారి, పూతపనివారి మౌఖిక కథనాలను ఈ నమోదుకు జతచేయాలి. స్థానిక కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది. తయారీదారుల చరిత్రతోపాటు సంరక్షకుల చరిత్ర కూడా చేరినప్పుడే తెలుగువారి వడ్డన చరిత్ర సమగ్రమవుతుంది.