నక్షత్ర భవనం (తోరున్)

నక్షత్ర భవనం ఉత్తర పోలండ్‌లోని తోరున్ నగరంలో, పాతపట్టణపు సంత కూడలిలో 35వ నంబరు స్థలంలో ఉన్న చారిత్రక ఇటుక కట్టడం. గోథిక్ శైలిలో మొదలైన ఈ వర్తక గృహానికి ప్రస్తుత రూపం 1697లో జరిగిన బరోక్ పునర్నిర్మాణంతో వచ్చింది. 15వ శతాబ్దం చివర ఇది ఇటలీ మానవతావాది ఫిలిప్పో బువోనకోర్సి (1437–1496) అధీనంలో ఉండేది. కల్లిమాఖ్ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన ఆయన పోలండ్ రాజు నాలుగో కాజిమిర్ కుమారులకు గురువు.

విస్తులా నది మీదుగా సాగిన ధాన్యవ్యాపారంతో ఎదిగిన తోరున్‌లో వర్తకుల ఇళ్లు వీధివైపు ఇరుకుగా, వెనక్కి పొడుగ్గా ఉండేవి. కింది ఎత్తైన హాలులో బేరాలు జరిగేవి. పై అంతస్తులు గిడ్డంగులు. ఈ భవనం ముఖభాగమంతా గచ్చుతో మలిచిన పండ్ల గుత్తులు, పూలదండలు పరుచుకున్నాయి. కిటికీల మధ్య ఖాళీ గోడ దాదాపు కనిపించదు. శిఖరాన ఉన్న బంగారుపూత నక్షత్రమే భవనం పేరుకు మూలం. లోపల, అలంకరించిన దూలాల పైకప్పు కింద, ఓక్ కలపతో చెక్కిన మెలికల మెట్లవరుస 1697 నాటిదే. దాని స్తంభం వద్ద రోమన్ దేవత మినర్వా విగ్రహం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో వార్సాలా నేలమట్టం కానందున తోరున్‌లో ఇటువంటి అసలు కట్టడాలు మిగిలాయి. ప్రస్తుతం ఈ భవనం జిల్లా మ్యూజియం అధీనంలో ఉంది. ఆసియా కళాఖండాల ప్రదర్శన ఇక్కడే ఉంది. మధ్యయుగ తోరున్ 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.