షమనులు – గ్రీకు చింతన

గ్రీకు తత్త్వం శుద్ధతర్కం నుండి పుట్టినదనీ, ప్రాగ్దేశాల మంత్రవైద్యంతో దానికి పొత్తు లేదనీ పాఠ్యగ్రంథాలు చిరకాలం బోధించినవి. ఆ నమ్మకాన్ని కదిలించిన సాక్ష్యాలలో ముఖ్యమైనవి రెండు మట్టిలోనుండి వెలువడినవి.

నల్లసముద్రానికి ఉత్తరాన నివసించిన సిథియనులు శవసంస్కారానంతరం కంబళ్ల గుడారంలో దూరి, కాలిన రాళ్లపై గంజాయి గింజలు చల్లి, ఆ ఆవిరికి పరవశించి కేకలు పెట్టేవారని క్రీ.పూ. 5వ శతాబ్దివాడైన హెరొడోటస్ వ్రాసినాడు. 1947-49 మధ్య రుడెంకో ఆల్టాయ్ పర్వతాలలోని పజిరిక్ సమాధులను త్రవ్వించగా, గడ్డకట్టిన మంచులో లోహపాత్రలు, రాళ్లు, మాడిన గంజాయి గింజలు, గుడారపు కర్రలు దొరికినవి. హెరొడోటస్ కట్టుకథలవాడన్న అపవాదు ఆ మేరకు తీరినది.

ఈ ఆవిరిలో సైబీరియా వైద్యమాంత్రికులైన షమనుల తంతును 1935లోనే మాయిలీ గుర్తించినాడు. 1951లో డాడ్స్ దానిని గ్రీకు తత్త్వానికే అన్వయించినాడు. పూనకంలో దేవత మనిషిలోనికి వస్తుంది. షమను విషయంలో మనిషి ఆత్మే దేహం విడిచి సంచరించి వస్తుంది. ఈ భేదమే ఆయన వాదానికి కీలకం. చాకలిరేవు దుకాణంలో మరణించి మాయమై, ఏడవయేట మరల కనబడిన అరిస్టియాసు కథ అట్టిదే. క్లాజొమెనైవాడైన హెర్మొటిమసు ఆత్మ కూడా అట్లే తిరిగేదట. అనాక్సగొరాసుకు ముందే బుద్ధితత్త్వాన్ని చెప్పినవాడని అరిస్టాటిల్ పేర్కొన్నది ఈ హెర్మొటిమసునే!

వాదం రమణీయమే గాని, ఒక లోపమున్నది. హెరొడోటస్ ఆ గుడారంలో ఏ వైద్యునీ చూపలేదు. అందరూ చేసే మైలస్నానంగానే చెప్పినాడు. షమను అన్న పేరు మనం పెట్టినది.

రెండవ సాక్ష్యం ఇటలీలోని వెలియాలో, అనగా ప్రాచీన ఎలియాలో, 1962లో లభించినది. తర్కానికి ఆదిగురువని పేరుపొందిన పార్మెనిడీసును ఆ శాసనం ‘ఊలియాడీసు’ అన్నది. వైద్యదేవతయైన అపోలో ఊలియసుకు చెందినవాడని దాని భావం. అక్కడనే వైద్యుల శాసనాలు మరి మూడు ఉన్నవి. వారి బిరుదులో ‘గుహాధిపతి’ అని అర్థమిచ్చే పదమున్నది. గుహలో నిశ్చలంగా శయనించి స్వప్నదర్శనం పొందే చికిత్సను కొందరు పండితులు ఇందులో చూచినారు. పార్మెనిడీసు కావ్యంలోని దేవతాసన్నిధి యాత్ర అప్పుడు వట్టి అలంకారం కాకపోవచ్చు. అయితే శాసనం ఆయనకు సుమారు 500 ఏండ్ల తరువాతిది.

ఒక్కటి మాత్రం స్పష్టం. ఎలియాను క్రీ.పూ. 540 ప్రాంతంలో నిలిపినవారు పారశీకుల దాడికి తాళలేక, ఆసియా మైనరులోని ఫొకేయాను విడిచి ఓడలెక్కినవారు. అపోలో ఊలియసు ఆరాధన ఆ తీరపు మిలేటసులోనూ ఉండేది. ఈ శాసనం చూపే తూర్పు సైబీరియా కాదు, ఆ తీరం.