చల్లదనం మనకు, చప్పుడు ఎవరికి?



పడకగదికి ఏ.సి. కొనాలనుకున్నప్పుడు మనం కొట్లో అడిగే ప్రశ్నలు మూడే. ఖరీదెంత, కరెంటు ఎంత కాలుతుంది, గది ఎంతసేపట్లో చల్లబడుతుంది. నాలుగో ప్రశ్న, చప్పుడెంత అన్నది, బిగించినవాళ్లు వెళ్లిపోయాక మొదటి రాత్రి గుర్తొస్తుంది. ఈ నాలుగో ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉందండీ. అది తెలిస్తే బేరం చెయ్యటం కూడా తేలికవుతుంది. అందుకని ముందు మిమ్మల్ని నెల్లూరు జిల్లా పడమటి పక్కకు, సోమశిల వైపు తీసుకువెళతాను.

పెన్నానది వెలిగొండల్ని చీల్చుకుని మైదానంలోకి దిగే చోటు సోమశిల. అక్కడి జలాశయంలో సుమారు 78 టి.ఎం.సి.ల నీళ్లు పడతాయి. అయినా రోహిణి కార్తెలో ఆ నీళ్ల పక్కనున్న ఊళ్లకు కూడా ఎండ తప్పదు. ఇటు ఆత్మకూరు, ఉత్తరాన ఉదయగిరి, అంతా కొండలూ గుట్టలూ, పడమటి గాలీ. రాతిగోడలు, మట్టి మిద్దెలు పగలంతా వేడిని నిదానంగా తాగి, రాత్రయ్యాక గదిలోకి వదులుతాయి. అందుకే పగలు ఇంట్లో చల్లగా ఉన్నా, పడుకునే వేళకు అదే గది ఆవం అయిపోయేది. జనం నులకమంచాలు ఎత్తుకుని వాకిట్లోకో, మిద్దె మీదకో వచ్చేవాళ్లు. ఖర్చు లేదు, కీచురాళ్ల పాట తప్ప చప్పుడూ లేదు.

కాని ఆ వాకిలి అందరిదీ కాదు. కొత్తకోడలు, బాలింత, పసిబిడ్డ తల్లి లోపలే ఉండాలి. వాళ్లకు మిగిలింది తాటాకు విసనకర్ర. విసనకర్రకు మోత ఉండదు, నిజమే. కాని దాన్ని విసిరే చెయ్యి నిద్రపోకూడదు. బిడ్డ నిద్ర తల్లి మెలకువతో కొన్నదన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చల్లదనం చరిత్ర అంతా ఈ లెక్కే. హాయి ఒకరిది అయితే, శ్రమో చప్పుడో మరొకరి వాటాకు వెళుతుంది.

కాస్త కలిగిన ఇళ్లలో వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. పొడిగాలి తడిలోంచి వస్తూ చల్లబడుతుంది. పడమటి గాలి పొడిగా వీచే ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. సముద్రానికి దగ్గరగా, ఉక్కపోసే ఊళ్లలో అంతగా పారదు. ఇవాళ్టి కూలర్ కూడా ఆ తడక మనవరాలే. పద్ధతి అదే, ఫాను మోత మాత్రం అదనం.

తర్వాత దొరల కాలం. నెల్లూరు అప్పట్లో మద్రాసు రాజధానిలో జిల్లా. ఆ రాజధాని కచేరీల్లో, బంగళాల్లో దూలానికి పెద్ద గుడ్డపంకా వేలాడేది. గోడకు కన్నం పెట్టి, దానిలోంచి తాడు బయటికి తీసి, వసారాలో కూర్చున్న మనిషి చేతికిచ్చేవాళ్లు. రాత్రంతా అతను లాగుతూనే ఉండాలి. చెయ్యి నొప్పెడితే తాడు కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. లోపల దొరసాని నిద్రకు భంగం ఉండేది కాదు, ఎందుకంటే యంత్రం మనిషే, ఆ మనిషి గోడ అవతలే. అతను కునికితే మాత్రం తన్నులు. అలా దెబ్బలు తిన్న పంకా కూలీల కేసులు ఆనాటి కోర్టు రికార్డులకెక్కాయి.

పిమ్మట మంచు వచ్చింది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక ఓడ కలకత్తాకు మంచుగడ్డలు తెచ్చింది. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగిపోయినా చాలావరకు మిగిలింది. ఆ వ్యాపారి పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. మద్రాసు సముద్రపుటొడ్డున అతని మంచు దాచటానికి కట్టిన ఐస్‌హౌస్ నేటికీ ఉంది. 1897లో వివేకానందస్వామి అక్కడ కొన్నాళ్లు బస చేశారు. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. ఆ మంచు మన ఏ.సి. కొలతలో ఒక మాట వదిలి వెళ్లింది. టన్ను అంటే యంత్రం బరువు కాదండీ. రెండువేల పౌన్ల మంచు, అంటే సుమారు 907 కిలోలు, ఇరవైనాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి లాక్కుంటుందో అంత లాక్కునే శక్తి ఒక టన్ను.

అసలైన ఏ.సి. పుట్టింది మనుషుల కోసం కాదంటే ఆశ్చర్యపోతారు. 1902లో న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితం సాగిపోయి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేసే యంత్రం రూపొందించాడు. ముందు కాగితానికి సుఖం, తర్వాతే మనిషికి. అచ్చాఫీసులో మోతను ఎవరు పట్టించుకుంటారు?

చిక్కు ఆ యంత్రం కిటికీలోకి వచ్చాక మొదలైంది. కిటికీ ఏ.సి.లో కంప్రెసరు, రెండు ఫానులు, మోటారు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. కంప్రెసరు ఆగి మళ్లీ అందుకున్నప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడతాయి. నిద్ర పాడుచేసేది ఒకే తీరు మోత కంటే ఈ ఆగడం, అందుకోవడమే. ఫాను మోతకు చెవి అలవాటు పడుతుంది, హఠాత్తుగా వచ్చే గుర్రుకు ఉలిక్కిపడుతుంది.

దీనికి జపానువాళ్లు 1961లో ఒక దారి చూపారు. తోషిబా కంపెనీ పెట్టెను రెండుగా విడగొట్టి, కంప్రెసరును బయట పెట్టింది. అదే స్ప్లిట్. చూశారా, పంకా లాగే మనిషిని వసారాలో కూర్చోబెట్టిన ఉపాయమే మళ్లీ! గోడకు కన్నం కూడా ఉంది, తాడు బదులు రాగి గొట్టాలు. 1981లో అదే కంపెనీ ఇళ్లకు ఇన్వర్టర్ ఏ.సి. తెచ్చింది. ఇందులో కంప్రెసరు ఆగి అందుకోదు, అవసరాన్నిబట్టి వేగం పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. గది చల్లబడ్డాక మెల్లగా నడుస్తుంది. చప్పుడును పక్కకు నెట్టకుండా నిజంగా తగ్గించిన ఉపాయం ఇది. ఇప్పుడీ యంత్రాలు మన పక్కనే తయారవుతున్నాయి. నెల్లూరుకు దక్షిణాన, తడ దగ్గరి శ్రీసిటీలో బ్లూస్టార్, డైకిన్ కంపెనీలు 2023లో ఫ్యాక్టరీలు తెరిచాయి.

ఇక కొట్లోకి వెళదామా? చప్పుడును డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఇది మన మూరల లెక్క కాదు. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వనిశక్తి పదింతలు, చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. కంపెనీ కాగితంలో పెద్దక్షరాలతో వేసే అంకె తరచు ఫాను అతి తక్కువ వేగంలో ఉన్నప్పటిది. "ఎక్కువ వేగంలో ఎంతండీ? బయటి పెట్టెది ఎంత?" అని అడగండి. మూడు అంకెలూ చెప్పలేకపోతే ఇంకో కొట్టు చూడండి.

గదికి తగిన టన్ను తీసుకోండి. చిన్నదైతే రాత్రంతా పూర్తి వేగంతో రొప్పుతుంది. మరీ పెద్దదైతే మాటిమాటికీ ఆగి అందుకుంటుంది. పది, పన్నెండు అడుగుల గదికి సాధారణంగా ఒక టన్ను చాలు. పైన ఎండ తగిలే మిద్దె ఉంటే కాస్త ఎక్కువ కావాలి. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ గుర్తున్న గది ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు వస్తున్నాయి. మీరు దాన్ని 26కు పెంచి పైన ఫాను మెల్లగా తిప్పుకుంటే కంప్రెసరుకూ విశ్రాంతే, బిల్లుకూ విశ్రాంతే. వేసవిలో రెండు వారాలకోసారి జల్లెడ కడగండి. దుమ్ము పట్టిన జల్లెడ కూడా మోత పెంచుతుంది.

చివరి మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటి పెట్టె గురించి. మనం ఎంత నిశ్శబ్దమైన ఏ.సి. కొన్నా, బయట ఎవరో దాని చప్పుడు వింటున్నారు. అపార్టుమెంట్లో అది ఎదుటివారి వంటింటి కిటికీ కావచ్చు. ఆత్మకూరులో మీ పుట్టింట్లో అయితే, పెరట్లో నులకమంచం మీద ఇంకా ఆరుబయటే పడుకునే పెద్దావిడ కావచ్చు. లోపల కొడుకూ కోడలూ హాయిగా నిద్రపోతుంటే, ఆవిడ తల పక్కనే వేడిగాలి, మోత. ఆవిడ చెప్పదు, మంచం ఇంకో మూలకు జరుపుకుంటుంది. మన చట్టం కూడా, 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో, నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా 45 డెసిబెళ్ల హద్దు గీసింది.

అందుచేత బిగించే మనిషి వచ్చినరోజు ఇంట్లో ఉండండి. పెట్టెను రేకుల మీద పెట్టనివ్వకండి, గట్టి సిమెంటు దిమ్మె మీద రబ్బరు వేసి పెట్టించండి. ఎవరి కిటికీకీ, ఎవరి మంచానికీ ఎదురుగా ఉండకుండా చూడండి. నీళ్ల గొట్టం రేకు మీద టపటప కారకుండా కాలవలోకి వంచండి. పని అయ్యాక యంత్రం వేసి, గదిలో కాదు, వెళ్లి పెరట్లో ఆ మంచం మీద ఓ పది నిమిషాలు పడుకుని చూడండి. అక్కడ మీకు నిద్ర పడితే, మీరు కొన్నది మంచి ఏ.సి.