ఊరి చరిత్రకి బ్యాకప్ ఎక్కడుంది?

ప్రొడక్షన్ డేటాబేసుకి ఒకే కాపీ ఉందని తెలిస్తే మనకి ఆ రాత్రి నిద్ర పట్టదు. మరి మన ఊరి చరిత్రకి ఎన్ని కాపీలున్నాయో, ఎక్కడున్నాయో ఎప్పుడైనా ఆలోచించామా?

రెండొందల ఏళ్ళ క్రితం ఒకాయన ఆలోచించాడు. కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లాండు పక్కన లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టి, కంపెనీ కొలువులో ఇక్కడికొచ్చి, 1815లో మొదటి సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా అయ్యాడు. భూమి కొలవడంతో ఆగకుండా ఊరూరి చరిత్రా రాయించాడు. నిజానికి ఆ పని చేసింది మనవాళ్ళే. ఏలూరుకి చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఇంకా వాళ్ళతో పనిచేసిన గుమాస్తాలు. కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి, పెద్దల్ని అడిగి రాసిన ఆ వివరాలే కైఫీయతులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, అన్నీ ఉంటాయి. బొర్రయ్య 1803లో ముప్ఫై నిండకుండానే పోతే, లక్ష్మయ్య ఆ పని నెత్తికెత్తుకున్నాడు.

1821లో మెకంజీ పోయాడు. ఆ పని నేను కొనసాగిస్తానని 1830లలో లక్ష్మయ్య ముందుకొస్తే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. అంతటితో ప్రాజెక్టు ఆగిపోయింది. తర్వాత శిథిలమవుతున్న ప్రతుల్ని సి.పి. బ్రౌన్ మళ్ళీ రాయించబట్టి ఈమాత్రమైనా మిగిలాయి. అవి చేరింది మద్రాసుకి. ఊళ్ళకి కాదు.

ఇప్పుడు మెకంజీ పుట్టిన దీవికి వెళ్దాం. దాని ఉత్తరపు కొసన నెస్ అనే చిన్న చిన్న పల్లెల గుంపు ఉంది. 1977లో అక్కడివాళ్ళు తమ చరిత్ర తామే రాసుకోవాలని ఒక సంఘం పెట్టుకున్నారు. ముసలివాళ్ళు గేలిక్ భాషలో చెప్పే కబుర్లు రికార్డు చేశారు, ఇంటింటి ఫొటోలు పోగేశారు. అది చూసి మిగతా పల్లెలూ అదే దారి పట్టాయి. ఏ కమతంలో ఎవరుండేవారు, వాళ్ళ పిల్లలు ఏ దేశం వలస పోయారు అని రాసుకున్నాయి. తర్వాత వీటిలో చాలా సంఘాలు తమ రికార్డుల్ని 'హెబ్రిడియన్ కనెక్షన్స్' అనే ఒకే డేటాబేసులో కలిపాయి. మనిషి నుంచి కమతానికి, కమతం నుంచి పడవకి లింకులు. కెనడాలో ఉన్న మునిమనవడు కూడా తన ముత్తాత ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కోవచ్చు. ఈసారి రాసిందీ ఊరివాళ్ళే, దాచుకున్నదీ ఊరివాళ్ళే.

నాకు ముఖ్యమనిపించే తేడా ఇంకోటుంది. కైఫీయతుల్లో రాజులు, గుళ్ళు, మాన్యాలు కనిపించినంతగా కూలివాడు, చాకలి, మాలపల్లి కనిపించరు. కరణం చెప్పిన చరిత్రలో కరణానికి కనపడినవే ఉంటాయి. లూయిస్‌లో కమతాలకీ పేజీలున్నాయి.

మన దగ్గర 1984లో కరణాలు, పటేల్, పట్వారీల వ్యవస్థ రద్దయింది. అది మంచిదే, పెత్తనం పోయింది. కానీ వాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన పాత కాగితాలు అటకల మీద చెదలకి మేతవుతున్నాయి. కాగితం ఎక్కని చరిత్ర ఎనభై దాటిన తాతల నోట్లో ఉంది. దానికి వేరే కాపీ లేదు.

అందుకే పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక పూట దీనికివ్వండి. ఫోనులో రికార్డరు ఆన్ చేసి అన్ని వాడల్లోని పెద్దల్నీ అడగండి: బావి ఎవరు తవ్వారు, కరువులో ఏం తిన్నారు, ఎవరు ఎటు వలసపోయారు. పాత ఫొటోల వెనక పేర్లు రాయండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి క్లౌడులో, ఒకటి తప్పనిసరిగా ఊరి బళ్ళోనో లైబ్రరీలోనో ఉంచండి.

లక్ష్మయ్యకి అనుమతి దొరకలేదు. మనం ఎవర్నీ అడగక్కర్లేదు.