కింగ్స్ క్రాస్ వెనక నేల

ఉత్తర లండన్‌లో, రీజెంట్స్ కాలువ ఒడ్డున, మూడు గుండ్రటి ఇనుప చట్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. ఎత్తయిన పోత ఇనుప స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. లోపల ఇప్పుడు 145 ఫ్లాట్లలో జనం కాపురముంటున్నారు. ఒకప్పుడు వీటి మధ్య ఉన్నది గ్యాసు. బొగ్గును గాలి చొరని కొలిముల్లో వేడిచేసి తీసిన వాయువును, నీళ్ల గుంటలో బోర్లించిన గంగాళం లాంటి ఇనుప తొట్టిలోకి పంపేవారు. గ్యాసు నిండేకొద్దీ తొట్టి ఈ స్తంభాల ఆసరాతో పైకి లేచేది. సాయంత్రం వీధి దీపాలు, ఇళ్ల దీపాలు వెలిగాక మెల్లగా కిందికి దిగేది. 2000 సంవత్సరం దాకా ఇవి పనిలోనే ఉన్నాయి. తర్వాత ముక్క ముక్కగా విప్పి, యార్క్‌షైర్‌లోని కార్ఖానాలో తుప్పు వదిలించి, తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

పాత ఇనుము కోసం ఇంత శ్రమ పడ్డది ఒక్క ఈ చట్రాల విషయంలోనే కాదు. కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనక దాదాపు 67 ఎకరాల పాడుబడ్డ రైల్వే నేలనంతా ఇలాగే, ఉన్నదాన్ని ఉంచుతూ ఊరుగా మార్చారు. ఆ నేల చరిత్రలో అందరికంటే ఎక్కువ మేలు చేసింది ఏ వాస్తుశిల్పో కాదు. ఇరవై ఏళ్ల ఆలస్యం.

రైలు రాకముందు ఈ చోటు పేరు బ్యాటిల్ బ్రిడ్జ్. నగరం పొయ్యిల్లోంచి తెచ్చిన బూడిద ఇక్కడ గుట్టలుగా పోసేవారు. మశూచి ఆసుపత్రి కూడా ఇక్కడే ఉండేది. 1830లలో నాలుగో జార్జి రాజు పేర ఒక స్మారకం కట్టి, దాని మీద ఆయన విగ్రహం నిలిపారు. దాని అడుగు గది కొన్నాళ్లు పోలీసు ఠాణా అయింది, కొన్నాళ్లు బీరు దుకాణం అయింది. 1845లో దాన్ని కూల్చేశారు. కింగ్స్ క్రాస్ అన్న దాని పేరు మాత్రం చోటుకు అంటుకుపోయింది.

గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ 1852లో ఇక్కడ స్టేషన్ తెరిచింది. లూయిస్ క్యూబిట్ గీసిన నమూనా: రెండు పెద్ద కమానులు, నడుమ గడియార స్తంభం, అలంకారాలు లేని ఇటుక గోడ. ప్రయాణికులు చూసింది ఆ ముఖమే. కంపెనీ డబ్బు గడించింది మాత్రం వెనక ఉన్న గూడ్సు యార్డులో.

యార్డు నడిబొడ్డున ఆరంతస్తుల ధాన్యపు గిడ్డంగి. దీన్నీ క్యూబిటే కట్టాడు. లింకన్‌షైర్ గోధుమలు రైల్లో వచ్చి ఇక్కడ దిగేవి, లండన్ రొట్టెల బట్టీలకు ఇక్కడి నుంచే వెళ్లేవి. కాలువ నుంచి పడవలు నేరుగా గిడ్డంగి అడుక్కే వచ్చేలా నీటి దారులు తవ్వారు. వ్యాగన్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించడానికి గుండ్రటి తిరుగుడు బల్లలుండేవి. వాటి మీద వ్యాగన్లను తిప్పింది గుర్రాలు. షెడ్ల కింద వాటికి కొట్టాలు ఉండేవి. యార్డుకు గుర్రాలు ఎంత ముఖ్యమో ఇప్పటికీ ఆ నేల మీద నిలబడితే తెలుస్తుంది. కొత్త రాళ్ల పరుపు మధ్య ఆ తిరుగుడు బల్లల ఆనవాళ్లు గుండ్రంగా కనిపిస్తాయి.

పక్కనే బొగ్గు షెడ్లు, జనం నోట కోల్ డ్రాప్స్. ఉత్తరాది గనుల బొగ్గుతో వచ్చిన వ్యాగన్లు పై అంతస్తులోని పట్టాల మీద ఆగేవి. వ్యాగన్ అడుగున తలుపు తీస్తే బొగ్గు భళ్లున కింది గదుల్లోకి జారేది. అక్కడ బస్తాలకెత్తి బండ్ల మీద వీధులకు తోలేవారు. రోజంతా ఆ దుమ్ములో నిలబడి పార పట్టిన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. కొన్నేళ్లకు బొగ్గు దింపే పని కాలువ అవతలికి మారింది. తూర్పు షెడ్డు బాగ్లీ, వైల్డ్ అనే సీసాల కంపెనీకి గిడ్డంగి అయింది. వందేళ్ల తర్వాత అదే షెడ్డులో వెలిసిన నైట్ క్లబ్బుకు బాగ్లీస్ అని పేరు రావడానికి ఆ సీసాలే కారణం.

రైల్వేల కోసం ఖాళీ చేసినవి పొలాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. మిడ్లాండ్ రైల్వే కంపెనీ పక్కనే, 1868లో తెరిచిన సెయింట్ పాంక్రాస్ స్టేషన్ కట్టడానికి అగర్ టౌన్ అనే పేదల వాడను నేలమట్టం చేసింది. పాత చర్చి శ్మశానంలో సమాధులు తవ్వి తీశారు. ఆ పనిని పర్యవేక్షించినవాడు, తర్వాత నవలా రచయితగా పేరు పొందిన థామస్ హార్డీ. మిడ్లాండ్ వారి గూడ్సు యార్డు ఉన్న చోటే ఇప్పుడు 1998లో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన బ్రిటిష్ లైబ్రరీ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలున్న ఇండియా ఆఫీసు రికార్డులు ఉన్నదిక్కడే. బార్నెట్ అనే పండితుడు 1912లో జాబితా వేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాలు కూడా ఈ లైబ్రరీ సొత్తే. తెలుగు చరిత్ర తవ్వుకునే పరిశోధకుడు లండన్ వెళితే దిగేది ఈ పాత రైల్వే నేల మీదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకు లారీలెక్కింది. ఇళ్లలో బొగ్గు పొయ్యిలు ఆరిపోయాయి. యార్డు ఖాళీ అయింది. చవక అద్దెల కోసం చిన్న కార్ఖానాలు, కళాకారులు, క్లబ్బులు వచ్చి చేరాయి. చీకటి వ్యాపారాలూ వచ్చాయి. స్టేషన్ పరిసరాలకు చెడ్డపేరు స్థిరపడింది. 1987 నవంబరు 18న కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ కింద అంటుకున్న మంట 31 మంది ప్రాణాలు తీసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మొదటి పెద్ద పథకం తయారైంది. వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ నమూనా: నడుమ పెద్ద పార్కు, చుట్టూ ఆఫీసు భవంతులు, భూమి అడుగున, ఫ్రాన్సుకు వెళ్లే ఛానెల్ సొరంగం రైళ్లకు కొత్త స్టేషన్. స్థానికులు రైల్వే ల్యాండ్స్ గ్రూపుగా కూడి ఎదురు నిలిచారు. మాకు ఇళ్లేవి, మా పనులేవి అని అడిగారు. వాళ్ల పోరాటం ఒకవైపు, 1990ల మొదట్లో కుప్పకూలిన రియల్ ఎస్టేట్ బజారు ఇంకోవైపు పథకాన్ని ముంచేశాయి. ఛానెల్ రైళ్లను సెయింట్ పాంక్రాస్‌కు తేవాలని 1996లో ఖాయమైంది. ఆనాడు డబ్బు దొరికి ఉంటే ఆఫీసులే రాజ్యమేలే పేట ఒకటి లేచేది.

ఈ పథకానికి ముందే, నేల ఖాళీగా పడి ఉన్న ఏళ్లలో ఊరకే ఉండనివాళ్లు కాలువ పక్క జనమే. కామ్లీ స్ట్రీట్‌లో పాడుబడ్డ బొగ్గు యార్డులో తుప్పలు మొలిచి, పక్షులు చేరాయి. దాన్ని వాహనాల పార్కింగు చేస్తామంటే జనం అడ్డుపడి, చిన్న అడవిగా కాపాడుకున్నారు. 1985లో అది ప్రకృతి పార్కుగా తెరుచుకుంది. రెండెకరాలు. ఆ నేలకు మొదటి పునర్జన్మ ఇచ్చింది వాళ్లేనని చెప్పడం న్యాయం.

2000లో ఆర్జెంట్ అనే సంస్థకు పని అప్పగించారు. వాళ్లు ముందుగా భవనాల బొమ్మలు చూపించలేదు. 2001లో మనుషులకు తగ్గ నగరం ఎలా ఉండాలో పది సూత్రాలుగా రాసిన చిన్న పత్రం అచ్చువేసి, ఏళ్ల తరబడి స్థానికులతో కూర్చున్నారు. స్థానిక క్యామ్డెన్ కౌన్సిల్ 2006లో అనుమతి ఇచ్చింది: 50 కొత్త భవనాలు, దాదాపు 1,900 ఇళ్లు, 20 వీధులు, 10 పార్కులు, కూడళ్లు. వీధులు, కూడళ్ల వరస మాత్రం గట్టిగా ఖాయం చేసి, ఏ భవనం ఎంత, దేనికి అన్నది తర్వాత తేల్చుకునే వెసులుబాటు ఉంచుకున్నారు. 2008లో ఆర్థిక సంక్షోభం విరుచుకుపడినప్పుడు ఈ వెసులుబాటే వాళ్లను నిలబెట్టింది. ఆఫీసుల కోసం ఎదురుచూడకుండా ముందు కాలేజీని తెచ్చుకున్నారు. 2011లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళా విద్యాలయం పాత ధాన్యపు గిడ్డంగిలోకి వచ్చింది. వేల మంది విద్యార్థులతో, ఇంకా క్రేన్లు తిరుగుతున్న యార్డుకు ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. మరుసటి ఏడాది గిడ్డంగి ముందర, ఒకప్పుడు పడవలు ఆగిన చోట, 1,080 ఫౌంటెన్లతో గ్రానరీ స్క్వేర్ తెరుచుకుంది. ఎండ కాస్తే చుట్టుపక్కల బస్తీల పిల్లలు ఆ నీళ్లలో తడుస్తూ కేరింతలు కొడతారు. టిక్కెట్టు లేదు, గేటు లేదు.

అయితే ఆ కూడలి ప్రజలది కాదు, ప్రైవేటు ఆస్తి. ఈ తేడా 2019 ఆగస్టులో బయటపడింది. అక్కడి కెమెరాలు నడిచేవాళ్ల ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతతో పనిచేశాయని పత్రికలు రాయగానే గగ్గోలు పుట్టింది. సంస్థ వెనక్కి తగ్గింది. ఇళ్ల సంగతి ఇంకా చేదు. పనులు సగంలో ఉండగా, అందుబాటు ధర ఇళ్ల వాటాను మొదట ఒప్పుకున్నదానికంటే తగ్గించారు. గ్యాసు చట్రాల్లోని ఫ్లాట్లు సంపన్నులకే. షెడ్లలోని క్లబ్బులు 2008 కొత్త సంవత్సరం రోజుతో మూతపడ్డాయి. కోల్ డ్రాప్స్ 2018లో ఖరీదైన దుకాణాల వరసగా తెరుచుకుంది. డిజైనర్ థామస్ హెదర్‌విక్ ఆ రెండు షెడ్ల పైకప్పులను వంచి గాల్లో ఒకదానికొకటి తాకించాడు. అందం కాదనలేం. కానీ పాత ఇటుకలకు దొరికిన ఆదరం పాత అద్దెదారులకు దొరకలేదు. ఈ పథకంలో నిజంగా లోటు అదే.

పాత జనానికి చోటు దక్కుతుందా అన్న అదే ప్రశ్న ఇప్పుడు కిలోమీటరు పడమరగా యూస్టన్ స్టేషన్ ముందుంది. హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలు కోసం అక్కడ ఇళ్లు కూల్చారు. సెయింట్ జేమ్స్ గార్డెన్స్ శ్మశానంలో వేల సమాధులు తవ్వి తీశారు. 2023 మార్చిలో పనులు ఆగాయి. భారతీయ భోజనశాలలకు పేరుపడ్డ డ్రమండ్ స్ట్రీట్ వ్యాపారులు ఏళ్లుగా కంచెల పక్కన బేరాలు సాగించారు. యూస్టన్ దాకా సొరంగం తవ్వకానికి డబ్బిస్తామని ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. స్టేషన్ చుట్టూ నేల మీద ఏం కట్టాలన్న బేరసారాల్లో కింగ్స్ క్రాస్ పేరు ఆదర్శంగా వినిపిస్తోంది. అక్కడి కూడళ్లు, వీధుల పద్ధతి తెచ్చుకోవచ్చు. ఇళ్ల లెక్క మాత్రం ఈసారి మధ్యలో మార్చడానికి వీల్లేకుండా మొదటి రోజే రాసుకోవాలి.