తీగను మీటే చిన్న బిళ్ళ

వీణ, సితారు, మాండలిన్ వంటి వాద్యాలను వర్ణించేవారు వాటిని మీటే చిన్న సాధనాన్ని తరచు మరచిపోతారు. దానికీ ఒక చరిత్ర ఉన్నది. అందులో మన హిందూ మహాసముద్రానికి కూడ చోటున్నది గనుక పాఠకులకు మనవి చేస్తున్నాము.

పూర్వం ఏ దేశమువారు తమకు దొరికిన వస్తువుతోనే తీగను మీటారు. మన వైణికులు గోటితో గాని, వేలికి తొడిగిన తీగ చుట్టతో గాని మీటుతారు. సితారుకు ఇనుప తీగతో చేసిన మిజ్రాబ్, సరోదుకు కొబ్బరి చిప్పతో చేసిన జవా వాడుక. అరబ్బులు ఊద్‌ను పక్షి ఈకతో వాయించేవారు. ఆ సాధనం పేరు రీషా, అనగా ఈక. ప్రాచీన గ్రీకులు ఎముకను, కొమ్మును, దంతాన్ని చెక్కి వాడుకున్నారు.

మాండలిన్, గిటారు వాయించేవారు తాబేటి చిప్పను ఎక్కువగా మెచ్చుకున్నారు. అది నునుపైనది, వంగినా విరగదు, త్వరగా అరగదు. ఆ చిప్ప కోసం డేగ ముక్కు వంటి మూతి గల సముద్రపు తాబేళ్ళను చంపేవారు. 1903 వరకు మన మారిషస్ పాలనలో ఉన్న సెషెల్స్ దీవుల నుండి కూడ ఈ చిప్ప విదేశాలకు ఎగుమతి అయ్యేది.

అమెరికాలో జాన్ వెస్లీ హయత్ 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంటు పొందాడు. దూదిని నత్రికామ్లముతో మార్చి, కర్పూరము కలిపి చేసిన పదార్థమది. 1922లో న్యూయార్కులో లుయీజీ డాండ్రియా ఆ రేకులనుండి బిళ్ళలు కోసి అమ్మసాగాడు. తాబేటి చిప్ప రంగు బిళ్ళలు అగ్గువకే దొరికినా తాబేళ్ళ వేట ఆగలేదు. నగలకు, దువ్వెనలకు చిప్ప కావలసి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం 1975లో అమలైంది. 1977 నాటికి ఈ జాతి తాబేళ్ళన్నీ దాని రక్షణలోకి వచ్చాయి. సెషెల్స్ ప్రభుత్వం 1994లో తాబేళ్ళకు పూర్తి రక్షణ కల్పించి, 1998లో తన వద్దనున్న చిప్పల నిల్వను తగులబెట్టింది.

చిప్ప పలికించే నాదం వేరని కొందరు విద్వాంసులు నేటికీ అంటారు. కావచ్చును. అయినా ఒక ప్రాణి జాతి అంతరించిపోయేంత విలువ ఆ తేడాకు లేదని మా అభిప్రాయం. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విదేశీ వాద్యమైన మాండలిన్‌పై, చిన్న బిళ్ళ పట్టుకొని, కర్ణాటక రాగాలు పలికించాడు. వాద్యము మారినా సంగీతము నిలిచింది. సముద్రము దాటి వచ్చిన పెద్దల బిడ్డలమైన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన పిల్లలకు సంగీతం నేర్పేటప్పుడు ఈ కథ కూడ చెప్పుదాము.